పేరు లేనివాడికి తాడు లేదు

తూంకుంటలో కరీంనగర్ రోడ్డు పక్కనున్న జనార్ధన్ పటేల్ టెంట్‌హౌస్‌లో పనికి చేరి మూడు నెలలైనా ఎడ్వర్డు ఇంకా కుర్చీలే మోస్తున్నాడు. ఒకదాంట్లో ఒకటి దూర్చిన ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలను నెత్తిన పెట్టుకుని, వ్యాను నుంచి టెంటు దాకా, టెంటు నుంచి వ్యాను దాకా. కుర్చీలు మొయ్యడం అతనికి చిన్నతనం కాదు. యాభై రెండేళ్ల మనిషి, గుంజలాగా సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మోయగలిగినన్నాళ్లు మోస్తాడు. అతని బాధల్లా ఒక్కటే. పనివాళ్లందరికీ తలా ఒక తాడు ఉంది, అతనికి లేదు. తాడు ఎందుకు లేదంటే, పేరు లేదు.

ఎడ్వర్డు అన్నది పేరు కాదా అంటే, అక్కడ కాదు. బాప్తిస్మంలో పెట్టినదీ, తొట్టెలలో పెట్టినదీ, ఆధార్ కార్డు మీద ఉన్నదీ ఆ టెంట్‌హౌస్‌లో చెల్లవు. పెద్ద షామియానా లేపేటప్పుడు నాలుగు మూలలా నాలుగు తాళ్లు ఉంటాయి. మేస్త్రీ రామయ్య నడుమ నిలబడి ఒక్కొక్కరినే పిలుస్తాడు. పిలిచినవాడే లాగాలి, మిగతావాళ్లు బిగబట్టుకుని ఉండాలి. ఇద్దరు ఒకేసారి లాగినా, పిలిచినవాడు లాగకపోయినా గుడ్డంతా వచ్చి మనుషుల మీద పడుతుంది. అసలు పేరుతో పిలిస్తే మనిషి ముందు ఆలోచిస్తాడనీ, తోటివాళ్లు పెట్టిన పేరుతో పిలిస్తే ఆలోచించకముందే చెయ్యి కదులుతుందనీ రామయ్య నమ్మకం. అందుకే అక్కడ పేరు లేనివాడికి తాడు ఇవ్వరు. ఆ పేరు అడిగితే రాదు. తనకు తానే పెట్టుకుంటే ఒప్పుకోరు. ఎవరి నోట్లోంచో ఊడిపడాలి, విన్నవాళ్లందరూ ఒక్కసారే నవ్వాలి. అప్పుడే అది పేరు.

వంశీ పేరు జిలేబి. మేడ్చల్‌లో ఒక పెళ్లిలో పాకం కుదిరిందో లేదో చూస్తానని పదకొండు జిలేబీలు చూశాడు. గిడియోన్ పేరు కరెంట్. సీరియల్ బల్బులు కడుతుంటే షాక్ కొట్టింది. ఇంకొకడైతే కెవ్వుమనేవాడు. చర్చిలో పాడి పాడి అలవాటైన గొంతు కాబట్టి, గిడియోన్ "హల్లెలూయా" అని అందుకుని, ఎవరో స్విచ్చి తీసేదాకా ఆపలేదు. గిన్నెలు కడిగే నాగమణి పేరు కలెక్టర్. ఒక్క గరిటె తగ్గినా పెళ్లికొడుకు మేనత్త సంచైనా సరే విప్పించి చూడందే వదలదు. మేస్త్రీ రామయ్య పేరు డబుల్. ఎందుకో ఆయన నోరు తెరిస్తే తెలుస్తుంది. యజమాని జనార్ధన్ పటేల్‌కు కూడా పేరుంది, ఆయనకే తెలియదు. పొలాలు ప్లాట్లు చేసి అమ్మీ అమ్మీ ఆయన కళ్లకు లోకమంతా ప్లాట్లలాగే కనిపిస్తుంది. ఒకనాడు విందులో రుమాలీ రొట్టె విప్పి పట్టుకుని "గిది మంచిగ గజం ఉంటది" అన్నాడు. అప్పటినుంచి ఆయన గజం.

ఆఖరికి సామాన్లు మోసే పాత వ్యానుకు కూడా ముసల్ది అని పేరుంది. మనిషి చాలక నాలుగో మూల తాడును ముసల్దాని బంపరుకే కడతారు. బంపరుకు ఉన్న తాడు ఎడ్వర్డుకు లేదు. రోజూ కుర్చీలు మోస్తూ ఆ బంపరు వైపు చూసేవాడు, సవతిని చూసినట్టు.

ఎడ్వర్డుది మచ్చ బొల్లారం. చిన్నప్పుడు బడిలో మిగతా పిల్లలకు బుడంకాయ, ఉడుత, బొండం అని పేర్లుండేవి. ఎడ్వర్డు అల్లరి చెయ్యడు, తన్నులాడడు, నోరెత్తడు కాబట్టి అతన్ని "వాడు" అనేవారు. పెద్దయ్యాక మేడ్చల్ అవతల ఒక గోదాము గేటు దగ్గర పద్దెనిమిదేళ్లు కాపలా ఉన్నాడు. లారీ రాగానే లేచి, సెల్యూట్ కొట్టి, "పేరు, ఫోన్ నంబరు రాయండి" అని రిజిస్టరు అందించేవాడు. పద్దెనిమిదేళ్లలో ఎన్ని వేలమంది చేత పేర్లు రాయించాడో! అతని పేరు మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. "ఓ వాచ్‌మన్" అంటే పలికేవాడు. చివరికి దానంతట అదే తెరుచుకునే గేటు వచ్చింది, ఎడ్వర్డు ఇంటికొచ్చాడు. వచ్చి టెంట్‌హౌస్‌లో చేరాడు.

చేరిన కొత్తలో గేటు మర్యాద పోక అందర్నీ "రామయ్య గారు, వంశీ గారు, నాగమణి గారు" అని పిలిచేవాడు. ఒక్కరూ పలికేవారు కాదు. వంశీ అయితే వెనక్కి తిరిగి, ఎవరా అని చూసేవాడు. వాళ్లేమో ఎడ్వర్డును "ఓ అన్నా" అనేవారు. రోడ్డు మీద పోయే ముక్కూ ముఖం తెలియని మనిషినీ అంతే అంటారు కదా. అదే అతనికి గుచ్చుకునేది.

ఇంటి దగ్గర భార్య మార్తమ్మ జాకెట్లు కుడుతుంది. చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆమె అడగని ప్రశ్న లేదు. పనికి చేరిన వారానికి, ఎడ్వర్డు అన్నం తింటూ జిలేబి సంగతీ కరెంట్ సంగతీ చెబుతుంటే, మిషను ఆపింది.

"అందరికి పేర్లున్నయి గద. మరి నిన్నేమంటరయ్యా?"

ఎడ్వర్డు పప్పన్నం ముద్ద మింగి, నీళ్లు తాగి, మళ్లీ నీళ్లు తాగి, "కమాండర్ అంటరు" అన్నాడు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికీ తెలియదు.

మార్తమ్మ అతన్ని కిందినుంచి మీది దాకా చూసింది. "కమాండరా! మంచి పేరే పెట్టిన్రు. ఇన్నేండ్లకు నీ విలువ తెల్సినోళ్లు దొరికిన్రు" అంది. మర్నాడు మధ్యాహ్నానికి స్త్రీల సమాజంలో ఆ సంగతి తెలియని మనిషి లేదు.

ఆ అబద్ధం అట్లా చల్లగా ఓ మూల పడి ఉండేదే. కానీ మూడో నెలలో ఒక సాయంత్రం మార్తమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"ఇన్నవా అయ్యా, ఎల్లుండి గాక ఆ పై ఆదివారం మా సమాజం వార్షికోత్సవం. భోజనాలకు టెంటు మీ పటేల్ దగ్గర్నే చెప్పొచ్చిన. కమాండర్ టెంటు లేపుతుంటే సూడాలని రేచలమ్మ గూడ మస్తు ఉరుకులాడుతుంది."

రేచలమ్మ అంటే సమాజం అధ్యక్షురాలు, ఎడ్వర్డును ఎన్నడూ చూసింది లేదు. తన మొగుడు ఏ పనీ సరిగ్గా చెయ్యడని ప్రతి ఆదివారం ఆమెకు చెప్పుకునేది మార్తమ్మే. ఇప్పుడు మూడు నెలలుగా గొప్పలు చెబుతున్నదీ మార్తమ్మే. ఎడ్వర్డు ఆ రాత్రి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. పది రోజుల్లో తాడు రావాలి, తాడు రావాలంటే పేరు రావాలి.

మర్నాడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని పనికి వెళ్లాడు. ఎవరైనా ఏదో ఒకటి అనకపోతారా అని. నాగమణి చూసి, "కండ్లకలకనా అన్నా? అయ్యో, గిన్నెల కాడికి రాకు" అని చీపురుతో దూరం జరిపింది. తర్వాతి రోజు విందులో వంశీని మించాలని పదమూడు జిలేబీలు తిన్నాడు. పద్నాలుగోది చేతిలో ఉండగానే కడుపు పట్టుకుని పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి పని ముగించుకుని అందరూ చాయ్ తాగుతున్నారు. అతను తిన్నదీ ఎవరూ చూడలేదు, పరుగెత్తిందీ చూడలేదు.

ఇక లాభం లేదని రామయ్య దగ్గరికే వెళ్లాడు.

"మేస్త్రీ, కమాండర్ అనే పేరు ఎట్లుంటది?"

"ఎవలకు? ఎవలకు?"

"ఊకెనే అడుగుతున్న. నా అసుంటోనికి."

రామయ్య బీడీ ఆర్పి, జాలిగా చూశాడు. "పేరంటె సర్ది అసుంటిది అన్నా. తెచ్చుకుంటె రాదు, వద్దంటె పోదు. వద్దంటె పోదు."

మార్తమ్మ చెప్పిన ఆదివారం ఇంకా నాలుగు రోజులుంది. ఆ బుధవారం నాడు శామీర్‌పేట దగ్గర కొత్త ప్లాట్లలో పొద్దున గృహప్రవేశం, సాయంత్రం గండిమైసమ్మ దగ్గర ఒక మనవడి మొదటి పుట్టినరోజు. ఇక్కడ విప్పిన సామానే జల్దీ తీసుకుపోయి అక్కడ వెయ్యాలి. గృహప్రవేశంలో బగారన్నం, ఆలుకూర్మా, డబల్‌కా మీఠా. అలకతోనో ఆకలితోనో ఎడ్వర్డు మూడుసార్లు వడ్డించుకున్నాడు. కుర్చీలన్నీ ఎక్కించి, కింద పరిచిన పెద్ద జంపఖానా మీద ఓ అంచున నడుం వాల్చాడు. ఈగలు ముసురుతున్నాయని ఆ అంచే మీదికి లాక్కున్నాడు. అంతే, నిద్ర పట్టేసింది.

జంపఖానాను వంశీ, గిడియోన్ ఆ అంచు నుంచే చుట్టడం మొదలుపెట్టారు. మొదటి చుట్టులోనే లావుగా ఏదో తగిలింది.

"లోపల గుంజ ఉండిపోయినట్టుంది రా" అన్నాడు గిడియోన్.

"ఉండనీ, ఆడ ఇప్పినప్పుడు తీద్దాం" అన్నాడు వంశీ. ఇద్దరూ చెరో వైపు ఎత్తి, ముసల్దాని లోపలికి తోశారు.

బండి కదిలే ముందు రామయ్య తలలు లెక్కపెట్టడు, పేర్లే పిలుస్తాడు.

"జిలేబి! జిలేబి!"

"ఉన్న."

"కరెంట్! కరెంట్!"

"ఉన్న."

"కలెక్టర్! కలెక్టర్!"

"నేనున్న గని రెండు గ్లాసులు లేవు."

పిలవాల్సిన పేర్లన్నీ అయిపోయాయి. అన్నిటికీ జవాబు వచ్చింది. ముసల్ది దగ్గుకుంటూ బయలుదేరింది.

గండిమైసమ్మ దగ్గర ఇంటి ముందు ఖాళీ జాగాలో చుట్టాలు అప్పటికే వచ్చి కూర్చున్నారు. పిల్లవాడి అవ్వ బాలనర్సమ్మ అరుగు మీద కూర్చుని, ఏడుస్తున్న మనవణ్ణి ఊకుంచలేక చస్తోంది. వంశీ, గిడియోన్ జంపఖానా దించి, ఒక అంచు తొక్కిపట్టి ఒక్క తన్ను తన్నారు. అది గిరగిరా విప్పుకుంటూ పోయి, ఆఖరి చుట్టులోంచి ఎడ్వర్డును తీసుకుపోయి సరిగ్గా బాలనర్సమ్మ కాళ్ల ముందు పడేసింది.

ఎడ్వర్డు కళ్లు తెరిచాడు. ఎదురుగా కొత్త మనిషి. పద్దెనిమిదేళ్ల అలవాటు ఊరుకుంటుందా? దిగ్గున లేచి, మడమలు కలిపి, సెల్యూట్ కొట్టి, "పేరు, ఫోన్ నంబరు రాయండి" అన్నాడు.

బాలనర్సమ్మ బెదిరిపోయి, "బాలనర్సమ్మ. ఫోను మా కోడలి కాడ ఉంది" అని జవాబు కూడా చెప్పేసింది. తర్వాత తేరుకుని, బుగ్గన వేలు పెట్టుకుంది. "అయ్యో నా తల్లి! టెంటు పంపమంటె పార్సెల్ల మనిషిని గూడ పంపిండేంది పటేలు?"

ఒక్కసారిగా జాగా అంతా నవ్వు. చుట్టాలు నవ్వారు, వంటవాళ్లు నవ్వారు, గ్లాసుల దిగులు మర్చిపోయి నాగమణి నవ్వింది. పొద్దుటినుంచి ఏడుస్తున్న పిల్లవాడు కూడా ఏడుపాపి చూశాడు. రామయ్య ఒక్కడే నవ్వలేదు. చెయ్యెత్తి అందర్నీ ఆపి, మంత్రం చదివినట్టు మెల్లగా అన్నాడు.

"పార్సెల్. పార్సెల్."

తర్వాత ఎడ్వర్డు భుజం మీద చెయ్యేశాడు. "అన్నా, బండి కాడ నిన్ను పిల్వలే. పిల్వనీకె నీకు పేరు లేకపాయె. ఊపిరాడకుంటె ఏమైతుండె? తప్పు మాది. తప్పు మాది." అని, ముసల్దాని బంపరుకు కట్టబోతున్న తాడు విప్పి ఎడ్వర్డు చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం నాలుగో మూల ఎడ్వర్డుది. "పార్సెల్! లాగు లాగు!" అని కేక రాగానే "లాగిన!" అని లాగాడు. షామియానా గాలి పోసుకుని లేచింది. ఇంటికొచ్చేదాకా బస్సులో కిటికీ వైపు తిరిగి, "పార్సెల్... లాగిన... పార్సెల్... లాగిన" అని తనలో తానే అనుకున్నాడు. పక్కన కూర్చున్నావిడ లేచి వేరే సీటు చూసుకుంది.

మచ్చ బొల్లారంలో బస్సు దిగాక గానీ మార్తమ్మ గుర్తు రాలేదు. కమాండర్ ఎక్కడ, పార్సెల్ ఎక్కడ! రేచలమ్మ ముందు మార్తమ్మ తల ఎత్తుకునేదెట్లా? తలుపు తీసి ఆమె "ఏం కూర పెట్టిన్రు?" అంటే, "ఆలుకూర్మా" అని, ఇంకేమీ చెప్పకుండా పడుకున్నాడు.

మర్నాడు టెంట్‌హౌస్‌లో ఉన్నదంతా కక్కేశాడు. నాగమణి పొట్ట పట్టుకుని నవ్వింది. "గింత పెద్ద మనిషివి, పెండ్లాంతోని గట్ల జెప్పుకున్నవా?"

"ఒక్కనాటికి కమాండర్ అని పిలువు మేస్త్రీ. నీ కాళ్లు మొక్కుత."

రామయ్య చాలాసేపు తల గోక్కున్నాడు. "అబద్ధం పేరు తాడుకు దిగదన్నా. చెయ్యి ఇనదు. ఇనదు." కానీ ఎడ్వర్డు ముఖం చూసి కరిగాడు. "సరె. ఒక్కనాటికి. ఒక్కనాటికి."

ఆదివారం ఆరాధన ముగిసింది. చర్చి ఆవరణలో స్త్రీల సమాజమంతా ఒకే రకం గులాబీరంగు చీరల్లో ముందు వరసల కుర్చీల్లో కూర్చుంది. మార్తమ్మ కొత్త జాకెట్టుకు తానే కుట్టుకున్న బుట్ట చేతులు. గేటు ఇరుకుగా ఉండటంతో ముసల్ది బయటే ఆగిపోయింది. నాలుగో మూలకు మనిషి ఉండి తీరాల్సిందే. ఎండ మండుతోంది, ఆడవాళ్లను లేపి దూరం పంపే ఓపిక ఎవరికీ లేదు, వాళ్ల నెత్తిమీదుగానే షామియానా లేపడం మొదలుపెట్టారు.

"మీ కమాండర్ ఏడి?" రేచలమ్మ మెడ సాచింది.

"సూస్తుండు, పిలుస్తరు" అంది మార్తమ్మ, చీర అంచు సర్దుకుంటూ.

"జిలేబి! లాగు లాగు!"

"లాగిన!"

"కరెంట్! లాగు లాగు!"

"లాగిన!"

"కలెక్టర్! లాగు లాగు!"

"లాగిన!"

రామయ్య గొంతు సవరించుకుని, మార్తమ్మ వైపు ఓ చూపు చూసి, గట్టిగా అరిచాడు. "కమాండర్! లాగు లాగు!"

ఎవరూ లాగలేదు. ఎడ్వర్డు తాడు బిగబట్టుకుని నిలబడి, ఈ కమాండర్ ఎవరో, ఎందుకు లాగడం లేదో అని కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. తనది కాని పేరు పిలిచినప్పుడు కదలకూడదని కదా నేర్పింది!

"కమాండర్! ఓ కమాండర్! లాగు లాగు!"

ఎడ్వర్డుకు కోపం కూడా వచ్చింది. "ఎవడయ్యా వాడు, లాగడేంది?" అని కసిరాడు.

అంతలో గాలి ఒక్క విసురు విసిరింది. నాలుగో మూల జారింది. ఎర్రదీ పచ్చదీ గుడ్డంతా మెల్లగా, హాయిగా, స్త్రీల సమాజం మీద వాలింది. ముందు వరస లేదు, రెండో వరస లేదు. గులాబీ చీర ఒక్కటీ కనబడలేదు. గుడ్డ కింద గంపలో కోళ్లు కదిలినట్టు నలభై తలలు కదిలాయి. లోపలినుంచి మార్తమ్మ కేక వచ్చింది.

"ఆ కమాండర్ యాడ సచ్చిండు!"

రామయ్యకు ఇక ఒప్పందం గుర్తుందా, మర్యాద గుర్తుందా? ప్రాణం పెట్టి అరిచాడు.

"పార్సెల్! లాగు లాగు!"

"లాగిన!"

ఆలోచించకముందే ఎడ్వర్డు చెయ్యి కదిలింది. కాళ్లు భూమిలో పాతి, వెనక్కి వంగి, ఒక్క గుంజు గుంజాడు. షామియానా సమాజం మీదినుంచి లేచి, గాలి పోసుకుని, నిటారుగా నిలబడింది. కింద ముడులు ఊడిన కొప్పులతో, పక్కకు తిరిగిన కళ్లజోళ్లతో ఆడవాళ్లంతా ఆ నాలుగో మూల వైపే చూస్తున్నారు. ఎడ్వర్డుకు అప్పుడు తెలిసింది తానేం చేశాడో. తాడు వదిలి పారిపోదామా అనుకున్నాడు. వదిలితే మళ్లీ వాళ్ల మీదే పడుతుంది. కళ్లు మూసుకుని పట్టుకునే నిలబడ్డాడు.

మార్తమ్మ లేచి, బుట్ట చేతులు సరిచేసుకుంటూ వచ్చింది.

"పార్సెలా?"

"ఊ."

"కమాండర్?"

"నేనే పెట్టుకున్న. వాళ్లు పెట్టలే."

"పార్సెలంటె ఎందుకు వచ్చింది గా పేరు?"

ఎడ్వర్డు తాడు వదలకుండా జంపఖానా సంగతి, బాలనర్సమ్మ సంగతి, సెల్యూట్ సంగతి చెప్పాడు. మార్తమ్మ నడుమ నడుమ ఆపి అడిగింది. లోపల గాలాడిందా? బండి గుంతల్ల వడితె మెల్కువ రాలేదా? డబల్‌కా మీఠా ఎన్నిసార్లు తిన్నవు? ఆ ముసలామె నిజంగ పేరు చెప్పిందా? చెప్పిందనగానే ఇక ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా భుజాలు ఎగురుతున్నాయి.

"మరి గిట్ల జెప్తె నేను నవ్వకపోదునా? గా కమాండర్ పేరు జెప్తె మూడు నెలల్ల ఒక్కరు నవ్వలేదు తెల్సా? ఊకె 'అట్లనా, అట్లనా' అన్నరు."

వెనక్కి వెళ్లి కూర్చుంది. రేచలమ్మ కళ్లజోడు తుడుచుకుంటూ, "కమాండర్ రాలేదా మార్తమ్మా?" అంది.

"రాలేదమ్మా, ఆయనకు పేరే తప్ప పని రాదంట. గా మూల తాడు వట్టుకున్నోడే మా ఆయన. పార్సెల్ అంటరు. ఎందుకో చెప్త, ఇటు జరుగు."

ఆమె చెప్పడం, గులాబీ వరస మొత్తం అటు వంగడం, తర్వాత ఆవరణ దద్దరిల్లేలా నవ్వడం ఎడ్వర్డు దూరంనుంచి చూశాడు. బాగానే ఉంది. తాడు గుంజకు కట్టి, కుర్చీలు సర్దడానికి వెళ్లాడు. ఈసారి కుర్చీలు తేలిగ్గా ఉన్నాయి.

భోజనాలయ్యాయి. జంపఖానాలు చుట్టే ముందు నాగమణి ఒక్కోదాన్నీ గరిటె కాడతో పొడిచి చూసింది. ఆ రోజునుంచి అదొక ఆచారమైపోయింది. సామానంతా ముసల్దానిలోకి ఎక్కాక రామయ్య గేటు దగ్గర నిలబడ్డాడు.

"జిలేబి! జిలేబి!"

"ఉన్న."

"కరెంట్! కరెంట్!"

"ఉన్న."

"కలెక్టర్! కలెక్టర్!"

"అన్ని గరిటెలు ఉన్నయి."

"పార్సెల్! పార్సెల్!"

జవాబు లేదు. గిడియోన్ పరుగెత్తి జంపఖానా విప్పబోయాడు. అప్పుడు చర్చి వెనక వంటల దగ్గరినుంచి మార్తమ్మ గొంతు వినిపించింది.

"ఉన్నడు! నోట్ల ముద్ద ఉంది, మింగినంక పలుకుతడు!"